బిళ్లల లెక్క సరిపోయింది, వైరల్ లోడ్ మాత్రం పెరిగింది: ఉద్దానం అబ్బాయి కేసు

2023 జూన్‌లో వచ్చిన వైరల్ లోడ్ (రక్తంలో హెచ్ఐవీ వైరస్ ఎంత ఉందో చెప్పే పరీక్ష) రిపోర్టుల్లో ఒకటి చూసి ఆగిపోయాను. పదిహేనేళ్ల అబ్బాయి. తొమ్మిదేళ్లుగా ఏఆర్‌టీ మీద, అంటే హెచ్ఐవీని అదుపులో ఉంచే మందుల మీద ఉన్నాడు. ఖాళీ డబ్బాలు తెచ్చిన ప్రతిసారీ బిళ్లల లెక్క నూటికి నూరు. వైరల్ లోడ్ మాత్రం 38,600. అంతకు ముందు ఏడాది ఇదే పరీక్షలో వైరస్ అసలు కనబడలేదు. సీడీ4 (జబ్బులతో పోరాడే రక్తకణాల లెక్క) కూడా 612 నుంచి 287కి పడిపోయింది.

ఈ కేసు రాయడానికి ఆ అబ్బాయి, వాళ్ల అమ్మమ్మ ఇద్దరూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను. ఊరి పేరు, హాస్టల్ పేరు రాయడం లేదు. ఏఆర్‌టీ సెంటర్లలో పనిచేసేవాళ్లకి, పిల్లల డాక్టర్లకి, హాస్టళ్లకు వెళ్లే ఏఎన్ఎంలకి ఇందులో పనికొచ్చే సంగతులు ఉన్నాయని నా నమ్మకం. ముందే ఒక మాట చెప్పేస్తాను. డొలుటెగ్రావిర్ అనే హెచ్ఐవీ మందు వాడుతున్న టీనేజ్ పిల్లల్లో వైరల్ లోడ్ పెరిగితే, మందు మార్చాలా అని ఆలోచించే ముందు ఆ పిల్లవాడిని పెద్దవాళ్లు లేకుండా విడిగా కూర్చోబెట్టి, వాడు చెప్పేది పూర్తిగా వినాలి.

నేపథ్యం

అబ్బాయిది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం. తండ్రి తాపీ పనికి వలస వెళ్లేవాడు. చాలా ఇళ్లలో లాగే ఏడాదిలో ఎక్కువ భాగం బయటే. అబ్బాయి 2008లో పుట్టాడు, కాన్పు కూడా వలస వెళ్లిన ఊళ్లోనే జరిగింది. గర్భిణిగా ఉన్నప్పుడు తల్లికి హెచ్ఐవీ పరీక్ష చేయలేదు. అప్పట్లో పరీక్షలో తేలిన తల్లికైనా కాన్పు సమయంలో ఒక్క డోసు నెవిరపిన్ (హెచ్ఐవీ మందు), పుట్టిన బిడ్డకు ఒక డోసు, అంతే. గర్భిణులందరికీ జీవితాంతం ఏఆర్‌టీ ఇవ్వాలన్న విధానం మన దేశమంతటా 2014 జనవరి నుంచే వచ్చింది. అందుకే ఇప్పుడు మా దగ్గర కొత్తగా చేరే పసిపిల్లలు తక్కువ. 2014కి ముందు పుట్టి, మందులతో బతికి, ఇప్పుడు మీసాలొస్తున్న పిల్లలే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్లలో హెచ్ఐవీ 2021 అంచనాల ప్రకారం 0.67 శాతం, దేశ సగటు 0.21. ఆ తేడా ఇరవయ్యేళ్ల కింద ఇంకా ఎక్కువగా ఉన్న రోజుల్లో పుట్టిన పిల్లలు వీళ్లు.

అబ్బాయికి మూడేళ్లప్పుడు తండ్రి, ఐదేళ్లు నిండేసరికి తల్లి పోయారు. పెంచింది అమ్మమ్మ. పలాస వైపు జీడిపప్పు బట్టీల్లో పిక్కలు కొట్టే పని ఆవిడది. 2014లో అబ్బాయికి మెడ దగ్గర గడ్డలు కట్టాయి, జ్వరం తగ్గలేదు. పరీక్షిస్తే టీబీ అని తేలింది, దాంతో పాటు హెచ్ఐవీ. అప్పుడు సీడీ4 186. ముందు టీబీ మందులు, కొన్ని వారాలకు ఏఆర్‌టీ మొదలుపెట్టారు. టీబీకి వాడే రిఫాంపిసిన్‌తో నెవిరపిన్ సరిగా పనిచేయదు కాబట్టి జిడోవుడిన్, లామివుడిన్‌లతో పాటు ఎఫావిరెంజ్ ఇచ్చారు. టీబీ తగ్గాక కూడా అదే కొనసాగింది. ఎఫావిరెంజ్ తల తిప్పుతుంది, పిచ్చి కలలు తెస్తుంది, అందుకని రాత్రి పడుకునే ముందు వేసుకోమంటాం. అమ్మమ్మ రాత్రి తొమ్మిది అని టైమ్ పెట్టుకుంది. ఆ తొమ్మిది గంటల సంగతి తర్వాత పెద్ద విషయమైంది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. వీళ్ల ఇంటి పైకప్పు పోయింది, మందుల సంచి తడిసిపోయింది. రోడ్లు, బస్సులు కుదుటపడి మళ్లీ మందులు చేతికి అందేసరికి మూడు వారాలు పట్టింది. అయినా ఆవిడ పట్టు వదల్లేదు. 2019లో మొదటిసారి వైరల్ లోడ్ చేస్తే వైరస్ కనబడలేదు. చదువు రాని ముసలావిడ, పలాస నుంచి మా సెంటర్ ఉన్న శ్రీకాకుళం డెబ్బై కిలోమీటర్ల పైమాట, వచ్చిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. ఆ ఫలితం పూర్తిగా ఆవిడ సంపాదించిపెట్టిందే.

2021లో అబ్బాయి బరువు 30 కిలోలు దాటింది. అప్పుడు రోజుకు ఒకే బిళ్లగా వచ్చే టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ మందుకు మార్చారు. మనం టీఎల్‌డీ అనేది దాన్నే. 2022 మే నెలలో వైరల్ లోడ్ బాగుంది. జూన్‌లో తొమ్మిదో తరగతికి హాస్టల్‌లో చేరాడు. అక్కడి నుంచి మందుల కోసం అమ్మమ్మ ఒక్కతే వచ్చేది. స్థిరంగా ఉన్నవాళ్లకి మూడు నెలల మందు ఒకేసారి ఇస్తాం. ఆవిడ తీసుకెళ్లి హాస్టల్‌లో ఇచ్చి, ఖాళీ డబ్బాలు తిరిగి తెచ్చేది.

వైరల్ లోడ్ ఎందుకు పెరిగి ఉండొచ్చు

రిపోర్టు వచ్చాక అబ్బాయిని పిలిపించాం. బరువు 37 కిలోలు, ఎత్తు 149 సెంటీమీటర్లు. పదిహేనేళ్లకి గొంతు ఇంకా మారలేదు. పుట్టుకతో హెచ్ఐవీ వచ్చి, మందులు ఆలస్యంగా మొదలైన పిల్లల్లో ఇది మామూలే. ఎదుగుదల, యవ్వన లక్షణాలు రెండూ వెనకబడతాయి. క్లాసులో అందరికన్నా పొట్టిగా ఉండటం వాడికి రోజూ గుచ్చుకునే ముల్లు. గడ్డలు లేవు, నోట్లో తెల్ల పూత లేదు. దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు లేవు. బరువు మాత్రం ఏడాదిగా సరిగా పెరగలేదు, అందుకని గళ్ల పరీక్ష కూడా చేయించాం. టీబీ లేదు. సీడీ4 350 కన్నా తగ్గింది కాబట్టి వేరే ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే సెప్ట్రాన్ మళ్లీ మొదలుపెట్టాం.

నేను ఆలోచించినవి నాలుగు కారణాలు. అన్నీ ఒకే బరువువి కావు.

వాంతులు, విరేచనాలు లాంటివి లేవు కాబట్టి మందు ఒంటికి పట్టకపోవడం అనే కారణాన్ని వెంటనే పక్కన పెట్టాను.

రెండోది ఐరన్ బిళ్ల. స్కూళ్లలో వారానికోసారి మధ్యాహ్న భోజనం తర్వాత నీలం రంగు ఐరన్ బిళ్ల ఇస్తారు. ఐరన్, కాల్షియం, గ్యాస్‌కు వాడే యాంటాసిడ్‌లు డొలుటెగ్రావిర్‌ను పట్టేసుకుని రక్తంలోకి వెళ్లనివ్వవు. డొలుటెగ్రావిర్ వాటికన్నా రెండు గంటలు ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. ఐరన్, కాల్షియం అయితే భోజనంతో పాటు కలిపి వేసుకున్నా ఇబ్బంది లేదు. వారానికొక్కసారి, అదీ మధ్యాహ్నం వేసుకునే బిళ్లతో వైరల్ లోడ్ 38,600కి పోదు. కానీ రక్తహీనత ఉందని ఎవరైనా డాక్టర్ రోజూ ఐరన్ రాస్తే కథ వేరు. టీనేజ్ అమ్మాయిల విషయంలో ఇది తప్పకుండా అడగాలి.

మూడోది, మందుకు వైరస్ లొంగకపోవడం. ఏళ్ల తరబడి ఎఫావిరెంజ్, లామివుడిన్ వాడినవాళ్లలో, మధ్యలో తిత్లీ లాంటి ఆటంకాలు వచ్చినవాళ్లలో, ఆ మందులకు మొండికేసిన వైరస్ ఉండే అవకాశం ఉంది. అయినా డొలుటెగ్రావిర్ అంత తేలిగ్గా లొంగిపోయే మందు కాదు. ఆఫ్రికాలో జరిగిన నాడియా ట్రయల్ 2021లో చూపించిందేమిటంటే, మొదటి వరస (మొదట ఇచ్చే) మందులు ఫెయిలై, లామివుడిన్ లాంటి మందులకు వైరస్ లొంగనివాళ్లలో కూడా డొలుటెగ్రావిర్ బాగా పనిచేసింది. పిల్లల మీద, టీనేజర్ల మీద చేసిన ఒడిస్సీ ట్రయల్ కూడా 2021లోనే వచ్చింది. అందులో 96 వారాలకు చికిత్స విఫలమైనవాళ్లు డొలుటెగ్రావిర్ గ్రూపులో 14 శాతం, పాత మందుల గ్రూపులో 22 శాతం. ఆ 14 శాతం కూడా అంతా వైరస్ మొండితనం అనుకోనక్కర్లేదు.

నాలుగోది, బిళ్ల నోట్లోకి వెళ్లకపోవడం. దీనికి అడ్డొచ్చింది బిళ్లల లెక్క ఒక్కటే. అమ్మమ్మ సంచిలోంచి ఖాళీ డబ్బాలు తీసి బల్ల మీద వరసగా పెట్టింది. జీడి పిక్కల నూనె తగిలి నల్లబడిన వేళ్లు ఆవిడవి. వాటితో ఒక్కో డబ్బా మూత తిప్పి, తలకిందులు చేసి చూపించింది. "ఒక్క బిళ్ల కూడా మిగల్నేదు డాక్టరమ్మా, నాను సూసుకున్నాను" అంది. ఆవిడ చెప్పింది నిజం. డబ్బాలు ఖాళీ. కానీ డబ్బా ఖాళీ అయితే బిళ్ల మింగినట్టు కాదు. టీనేజ్ పిల్లల్లో బిళ్లల లెక్కని అంతవరకే నమ్మాలి.

వైరల్ లోడ్ 1,000 దాటితే జాతీయ మార్గదర్శకాల ప్రకారం నెలనెలా కౌన్సెలింగ్ ఇచ్చి, మందు సరిగా వేసుకుంటున్నారని తేలాక మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయాలి. అప్పటికీ తగ్గకపోతేనే రాష్ట్ర స్థాయి నిపుణుల ప్యానెల్‌కి కేసు పంపాలి. తొందరపడి రెండో వరస మందులకు మార్చితే బిళ్లలు పెరుగుతాయి, కడుపులో వికారం పెరుగుతుంది. ఒక్క బిళ్లే దాచుకోలేని పిల్లవాడు ఎక్కువ బిళ్లలు ఎక్కడ దాచుకుంటాడు?

విడిగా మాట్లాడినప్పుడు

అమ్మమ్మని బయట కూర్చోమన్నాం. ఆవిడ లేచే ముందు నా చెవి దగ్గరకొచ్చి గుసగుసగా చెప్పింది: "ఆడికి ఏటీ తెల్దమ్మా. సిన్నప్పట్నుంచీ నెమ్ము మందనే సెప్పినాను. తెలిస్తే గుంటడి గుండె పగిలిపోద్ది."

తలుపు వేశాం. మా కౌన్సెలర్ స్కూలు గురించి, కబడ్డీ గురించి, తిండి గురించి మాట్లాడింది. మందుల ఊసే ఎత్తలేదు. చాలాసేపు ముక్తసరిగా జవాబులు చెప్పాడు. హాస్టల్‌లో పడుకునే చోటు ఎలా ఉంటుందో గీసి చూపించమని కాగితం ఇచ్చింది. గీశాడు. పొడుగు హాలు, వరసగా పరుపులు, తలల వైపు ట్రంకు పెట్టెలు. "నీ పెట్టె ఏది?" అంటే మధ్యలో ఒకటి చూపించాడు. "రాత్రి తొమ్మిదికి ఇక్కడ ఎవరెవరు ఉంటారు?" అంటే, "అందరూ" అన్నాడు. ఆ మాటతో మొదలైంది.

తొమ్మిదింటికి స్టడీ అవర్ అయిపోయి అందరూ హాల్లోకి వస్తారు. డబ్బాలో బిళ్లలు గలగలమంటాయి. పక్కవాడు "ఏట్రా అది?" అన్నాడు. బలానికి అని చెప్పాడు వీడు. "బలం బిళ్లలైతే నాకూ ఒకటియ్యి" అని ఆ పిల్లవాడు చెయ్యి చాపాడు. పొట్టిగా ఉన్నవాడు బలం బిళ్లలు వేసుకుంటున్నాడని రెండు రోజుల్లో హాలంతా పాకింది. మర్నాటి నుంచి డబ్బా తీయలేదు. కొన్నాళ్లు బాత్‌రూమ్‌లో వేసుకున్నాడు, తర్వాత అదీ మానేశాడు. అమ్మమ్మ లెక్క చూస్తుందని తెలుసు కాబట్టి రోజుకొకటి చొప్పున, ఒక్క రోజు తప్పకుండా, బయటికి తీసి పారేసేవాడు. మందు మింగడానికి కావలసిన క్రమశిక్షణ మొత్తం వాడికి ఉంది. దాన్ని మందు పారేయడానికి వాడాడు.

తర్వాత చెప్పిన మాట మా ఇద్దర్నీ ఆపేసింది. "నాకు తెలుసు మేడమ్. ఎనిమిదో క్లాసులోనే తెలుసు. డబ్బా మీద పేరు గూగుల్‌లో కొట్టాను. అమ్మమ్మకి సెప్పొద్దు. నాకు తెలిసిపోయిందంటే ఏడుస్తాది."

రెండేళ్లుగా ఆ పిల్లవాడు ఈ నిజాన్ని ఒక్కడే మోశాడు. ఎయిడ్స్ వస్తే చచ్చిపోతారు అని ఏదో వీడియోలో చూశాడు. అమ్మానాన్నలు ఎందుకు పోయారో వాడంతట వాడే ఊహించుకున్నాడు. అడగడానికి మనిషి లేడు. ఆవిడ వాడి కోసం దాచింది, వాడు ఆవిడ కోసం దాచాడు.

బడికి వెళ్లే వయసు పిల్లలకు తమ జబ్బు సంగతి చెప్పాలని, చిన్నవాళ్లకు వయసును బట్టి కొంచెం కొంచెంగా చెప్పుకుంటూ రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పింది. మన దగ్గర ఇది ఆలస్యమవుతుంది. పిల్లవాడు బయట చెప్పేస్తాడేమో, ఊరు వెలివేస్తుందేమో, చెల్లెలి పెళ్లి ఆగిపోతుందేమో అని పెద్దవాళ్ల టెన్షన్. ఆ భయాలు ఉత్తవి కావు. కానీ ఫోన్ చేతిలో ఉన్న పిల్లవాడి దగ్గర డబ్బా మీద పేరు ఎన్నాళ్లు దాస్తాం? ఎవరి నోట వినాలన్నది మాత్రమే మన చేతిలో ఉంది. ప్రేమించే మనిషి చెబితే అది జబ్బు. గూగుల్ చెబితే అది శిక్ష.

వారం తర్వాత అమ్మమ్మని, వాడిని కలిపి కూర్చోబెట్టాం. అంతకు ముందే ఆవిడతో విడిగా మాట్లాడి సిద్ధం చేశాం. వాడికి తెలుసన్న సంగతి మేం చెప్పలేదు, వాడే చెప్పుకుంటానన్నాడు. చెప్పాడు. ఆవిడ ఏడ్చింది. వాడు అడిగిన మొదటి ప్రశ్న "అమ్మకీ ఇదేనా?" అని. ఆవిడ తలూపింది. "మీ అమ్మకి మందు అందేలోపే అయిపోనాది. నీకు అందింది నాయినా" అంది. మేం నేర్చుకున్న కౌన్సెలింగ్ పాఠాలన్నిటికన్నా ఆ ఒక్క మాట వాడి మీద ఎక్కువ పనిచేసిందనుకుంటాను.

కిడ్నీల భయం

ఇది ఉద్దానం కేసు కాకపోతే ఈ భాగం రాసేదాన్ని కాదు. మందు మానేయడానికి హాస్టల్ ఒక్కటే కారణం కాదని రెండో నెలలో తెలిసింది. వాడు హాస్టల్‌లో చేరిన ఏడాదే పెద్దమామయ్య డయాలిసిస్ మీద ఉండి పోయాడు. ఊళ్లో అందరూ అన్నది ఒకటే: బిళ్లలు మింగి మింగి కిడ్నీలు పాడు చేసుకున్నాడని. ఒళ్లు నొప్పుల బిళ్లల గురించి వాళ్లు ఆ మాట అన్నారు. పిల్లవాడు తన బిళ్ల గురించి విన్నాడు. పోనీ ఆ భయం పూర్తిగా తప్పా అంటే అదీ కాదు. టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీ నాళికలను దెబ్బతీయగలదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఇంటికొకరి కిడ్నీ కథ ఉన్నచోట, "ఏం కాదులే" అని భుజం తట్టి పంపేయడం వైద్యం కాదు.

అందుకని వాడితో అంకెలు కూర్చుని చూశాం. మందు మానేసి ఉన్నప్పుడు, అంటే 2023 జూన్‌లో, క్రియాటినిన్ (రక్తంలోంచి కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం) 0.6. పిల్లలకు వాడే ష్వార్ట్జ్ సూత్రం ప్రకారం ఎత్తుని 0.413తో గుణించి క్రియాటినిన్‌తో భాగిస్తే కిడ్నీల వడపోత సామర్థ్యం సుమారు 103 వస్తుంది. మందు మళ్లీ మొదలుపెట్టిన రెండు నెలలకు క్రియాటినిన్ 0.7 అయింది, వడపోత 88కి దిగింది. వాడు హడలిపోయాడు. ఇక్కడే ఆగి వివరించాలి. డొలుటెగ్రావిర్ కిడ్నీని పాడు చేయకుండానే క్రియాటినిన్‌ని కొంచెం పెంచుతుంది. నాళికల ద్వారా క్రియాటినిన్ బయటికి పోయే ఒక దారిని అది అడ్డుకుంటుంది, వడపోతను ముట్టుకోదు. మొదటి కొన్ని వారాల్లో కాస్త పెరిగి అక్కడే ఆగిపోతుంది. టెనోఫోవిర్ దెబ్బ అయితే వేరే గుర్తులుంటాయి: మూత్రంలో ప్రోటీన్, రక్తంలో షుగర్ మామూలుగా ఉన్నా మూత్రంలో షుగర్ పడటం, రక్తంలో ఫాస్ఫేట్ తగ్గడం. అవన్నీ చేయించాం, ఏదీ లేదు. ఒక్క దశాంశం తేడాకి పెద్ద అర్థాలు తీయకూడదన్నది నిజమే గానీ, ఈ చిన్న పెరుగుదల వాడు బిళ్ల మింగుతున్నాడని నాకు ధైర్యాన్నిచ్చింది.

ఉద్దానం నుంచి వచ్చే టీఎల్‌డీ పిల్లలకు ఆరు నెలలకోసారి క్రియాటినిన్, మూత్ర పరీక్ష, బీపీ చూస్తున్నాను. అబ్బాయికి ఒక మాట ఇచ్చాం: అంకెలు నిజంగా చెడితే టెనోఫోవిర్ తీసేసి అబాకావిర్ ఇస్తాం, డొలుటెగ్రావిర్ మారదు. ఒళ్లు నొప్పులకి షాపులో అడిగి బిళ్లలు కొనుక్కోవద్దని కూడా చెప్పాం. ఆ జాగ్రత్త మాత్రం ఊళ్లో వాళ్లు చెప్పింది చెప్పినట్టే సరైనది.

టైమ్, చోటు, డబ్బా

మార్పుల్లో పెద్దది చాలా చిన్నదిగా కనిపిస్తుంది. రాత్రి తొమ్మిది అన్నది ఎఫావిరెంజ్ రోజుల టైమ్. డొలుటెగ్రావిర్‌కి రాత్రే వేసుకోవాలన్న నియమం లేదు, తిండితో సంబంధం లేదు. పైగా కొందరికి రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు. మందు మారినప్పుడు టైమ్ గురించి కొత్తగా మాట్లాడుకోకపోతే, పాత టైమ్ అలాగే నడుస్తూ ఉంటుంది. ఏ టైమ్ కావాలో, ఎక్కడ వేసుకుంటాడో వాడినే చెప్పమన్నాం. ఒక రోజంతా హాస్టల్ దినచర్య రాసుకొచ్చాడు. తెల్లవారి ఐదున్నరకి పళ్లు తోముకున్నాక, వాటర్ ప్లాంట్ దగ్గర సీసా నింపుకోవడానికి ఎవరికి వాళ్లు విడిగా వెళ్తారట. అక్కడ వేసుకుంటానన్నాడు. మధ్యాహ్నం ఐరన్ బిళ్ల ఇచ్చేసరికి ఏడు గంటలు గడుస్తాయి, అదీ కలిసొచ్చింది.

డబ్బాలో దూది కుక్కితే గలగల ఆగింది. వారానికి సరిపడా బిళ్లలు మూత గట్టిగా పడే చిన్న డబ్బీలో, తేమ పీల్చే పొట్లం వేసి ఇచ్చాం. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో బిళ్లలు కాగితంలో చుట్టి ఉంచితే చెమ్మ పడతాయి. పెద్ద డబ్బా అమ్మమ్మ దగ్గరే, ఆదివారం ఆదివారం ఆవిడ తెచ్చిస్తుంది.

వార్డెన్‌కి చెప్పాలా వద్దా అన్నది కాసేపు చర్చించాం. అబ్బాయి వద్దన్నాడు, మేం సరేనన్నాం. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఒకరి హెచ్ఐవీ సంగతిని అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. చదువులో, హాస్టల్‌లో వివక్ష చూపకూడదు. హాస్టల్‌లో ఉండటానికి ఈ సంగతి చెప్పాల్సిన అవసరమే లేదు. సెలవు కోసం మేమిచ్చే చీటీలో "క్రమం తప్పని వైద్య పరీక్ష" అని మాత్రమే రాశాం, మా సెంటర్ ముద్ర లేకుండా ఆసుపత్రి ఓపీ చీటీ మీద.

డబ్బు విషయం. ప్రభుత్వం ఏఆర్‌టీ పెన్షన్ ఇస్తుంది. ఆవిడ వద్దంది. పెన్షన్ ఇంటికి తెచ్చే మనిషికి, సచివాలయంలో జాబితా చూసే మనిషికి తెలిసిపోతుందని ఆవిడ భయం. వాదించలేదు. తల్లిదండ్రులు లేని పిల్లలకు మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. అనాథ అన్నది చాలు, అందులో జబ్బు ఊసు రానక్కర్లేదు. దానికి దరఖాస్తు చేయించాం, కాగితాలకి చాలా కాలం పట్టింది గానీ వచ్చింది.

ఫలితాలు

2023 నవంబర్‌లో వైరల్ లోడ్ 310. మందు మార్చలేదు, ప్యానెల్‌కి పంపాల్సిన అవసరం రాలేదు. పదో తరగతి పరీక్షలయ్యాక, 2024 మే నెలలో వైరస్ కనబడలేదు. సీడీ4 480కి వచ్చింది, తర్వాత సెప్ట్రాన్ ఆపేశాం. ఏడాదిలో ఆరు కిలోలు పెరిగాడు. గొంతు మారింది. ఆ మార్పు చూసుకుని వాడు పడ్డ సంతోషం ఏ రిపోర్టుకీ పడలేదు.

ఇంటర్‌లో చేరాక అడిగాడు: "నాకు పెళ్లవుతుందా మేడమ్?" ఈ ప్రశ్న కోసం మనం ముందే సిద్ధంగా ఉండాలి, తడబడితే పిల్లలు పసిగట్టేస్తారు. వైరల్ లోడ్ పరీక్షలో కనబడనంత తక్కువగా ఉన్న మనిషి నుంచి శృంగారం ద్వారా హెచ్ఐవీ సోకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. పెళ్లి చేసుకోవచ్చు, హెచ్ఐవీ లేని పిల్లల్ని కనొచ్చు. పెళ్లాడే అమ్మాయికి ముందే నిజం చెప్పాలి. కండోమ్ గురించి కూడా అదే రోజు మాట్లాడాం. ఇవన్నీ విని వాడు మొదట అన్న మాట: "అయితే మందు మానకూడదన్నమాట." ఎన్నో నెలలుగా మేం చెబుతున్న మాటే, కానీ ఈసారి వాడికి సొంత కారణం దొరికింది.

ఇక్కడి నుంచి కథ నేరుగా సాగలేదు. 2025 వేసవిలో చిన్నమామయ్యతో హైదరాబాద్ వెళ్లాడు, అపార్ట్‌మెంట్ల పనికి. ఒకే గదిలో ఏడుగురు. తీసుకెళ్లిన మందు అయిపోయింది. గ్రీన్ బుక్ (చికిత్స వివరాలు రాసి పేషెంట్‌కి ఇచ్చే పుస్తకం) చూపిస్తే వేరే ఊళ్లోని ఏఆర్‌టీ సెంటర్‌లో కూడా మందు ఇస్తారని వాడికి తెలుసు. కానీ ఒక రోజు పని మానేసి ఎక్కడికెళ్తున్నాడో మామయ్యకి ఏం చెప్పాలో తెలియలేదు. జూలైలో వైరల్ లోడ్ 2,150. ఈసారి వాడే వచ్చాడు, అమ్మమ్మ లేకుండా. కూర్చోగానే "మేడమ్, ఐదు వారాలు వేసుకోలేదు" అన్నాడు. రెండేళ్ల కింద రోజుకొకటి లెక్కపెట్టి పారేసిన పిల్లవాడు ఇప్పుడు నిజం చెప్పాడు. చికిత్స ఫలితం అంటే నా వరకు వైరల్ లోడ్ అంకెతో పాటు ఇది కూడా. అక్టోబర్‌లో మళ్లీ పరీక్ష చేస్తే వైరస్ కనబడలేదు.

ప్రస్తుతం ఎత్తు 163, బరువు 51, క్రియాటినిన్ 0.8, మూత్రంలో ప్రోటీన్ లేదు. ఈ ఏడాది పద్దెనిమిది నిండుతాయి. పిల్లల జాబితా నుంచి పెద్దవాళ్ల క్యూలోకి మారాలి. చాలామంది పిల్లలు ఈ మలుపులోనే మందులకు దూరమవుతారు కాబట్టి కౌన్సెలర్‌ని మార్చకుండా ఇంకో ఏడాది అదే మనిషి చూసేలా ఏర్పాటు చేశాం. 1097 హెచ్ఐవీ హెల్ప్‌లైన్ నంబర్ ఫోన్‌లో వేరే పేరుతో సేవ్ చేసుకున్నాడు.

ఇంటర్ అయ్యాక పైడిభీమవరం వైపు ఫార్మా కంపెనీలో చేరాలని ఉంది వాడికి. చేర్చుకునే ముందు రక్త పరీక్ష చేస్తారేమోనని భయం. ఉద్యోగం ఇవ్వడానికి హెచ్ఐవీ పరీక్షని షరతుగా పెట్టడం చట్టప్రకారం నిషిద్ధం. చట్టంలోని ఆ భాగం తెలుగులో రాసి, కాగితం వాడికి ఇచ్చాం. షిఫ్టులు మారే ఉద్యోగమైతే మందు టైమ్ ఏది పెట్టుకోవాలో తర్వాత మాట్లాడుకుంటాం. తర్వాతి వైరల్ లోడ్ ఏప్రిల్‌లో, పరీక్షలయ్యాక.